ఆకస్మిక గుండె వైఫల్యం: రక్తనాళ వ్యాకోచకాలతో చికిత్స

గుండె మోయగలిగిన దానికన్నా ఎక్కువ భారం దాని మీద పడి, రోగి గంటల్లో, ఒక్కోసారి నిమిషాల్లో ఊపిరాడని స్థితికి చేరడాన్ని ఆకస్మిక గుండె వైఫల్యం అంటారు. డాక్టర్ల వాడుకలో ఇది అక్యూట్ హార్ట్ ఫెయిల్యూర్. రక్తనాళాల గోడల్లో ఉండే కండరాన్ని సడలించి, నాళాలను వెడల్పు చేసి, గుండె మీద భారం దించే మందులు రక్తనాళ వ్యాకోచకాలు, అంటే వాసోడైలేటర్లు. నైట్రోగ్లిసరిన్, ఐసోసార్బైడ్ డైనైట్రేట్, సోడియం నైట్రోప్రస్సైడ్ వీటిలో ముఖ్యమైనవి. ఆక్సిజన్, మూత్రం మందులు, మాస్కుతో ఇచ్చే శ్వాస సాయంతో పాటు అత్యవసర విభాగాల్లో వీటిని వాడతారు.

బీపీ బాగా పెరిగి ఊపిరితిత్తుల్లో నీరు చేరిన రోగికి ఈ మందులు నిమిషాల్లోనే ఊపిరి తిరిగేలా చేస్తాయి. అదే సమయంలో, ఇవి రోగి ఆయుష్షు పెంచుతాయని పెద్ద అధ్యయనాలేవీ నిరూపించలేకపోయాయి. ఈ రెండు మాటలూ నిజమే. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే వీటిని ఎవరికి, ఎప్పుడు, ఎంత మోతాదులో ఇవ్వాలో తెలుస్తుంది.

వ్యాధి స్వరూపం

రోగి పడుకోలేడు. లేచి కూర్చుని, రెండు చేతులూ మంచం పట్టెకు ఆనించి ఊపిరి లాగుతుంటాడు. ఒళ్లంతా చెమటలు పడతాయి. ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తాయి కాబట్టి ఉబ్బసమేమోనని పొరబడే అవకాశం ఉంది. పరిస్థితి ముదిరితే గులాబీ రంగు నురగ కఫంలో కనిపిస్తుంది. ఎడమ జఠరికలో పీడనం పెరిగి, అది ఎడమ కర్ణిక మీదుగా ఊపిరితిత్తుల కేశనాళికల దాకా వెనక్కి పాకి, రక్తంలోని ద్రవం గాలి గదుల్లోకి ఊరడమే దీనికి కారణం. దీన్నే పల్మనరీ ఎడీమా అంటారు.

దీన్ని రేపే కారణాలు చాలానే ఉన్నాయి. గుండెపోటు, బీపీ మాత్రలు మధ్యలో మానేయడం, గుండె లయ తప్పడం, కవాటాల జబ్బులు, కిడ్నీ జబ్బు, ఇన్ఫెక్షన్లు, రక్తహీనత, ఉప్పు మితిమీరడం వాటిలో ముఖ్యమైనవి. కారణం ఏదైనా చికిత్స దృష్టితో చూస్తే రోగులు ప్రధానంగా రెండు రకాలుగా కనిపిస్తారు.

మొదటి రకంలో శరీరంలో ఉప్పు, నీరు రోజుల తరబడి పోగవుతాయి. పాదాలు వాస్తాయి, బరువు పెరుగుతుంది, ఆయాసం మెల్లమెల్లగా ఎక్కువవుతుంది. ఇక్కడ ఒంట్లో నీరు నిజంగానే ఎక్కువైంది కనుక దాన్ని బయటికి పంపే మూత్రం మందులదే పెద్ద పాత్ర.

రెండో రకంలో రోగి ముందు రోజు వరకూ మామూలుగానే తిరుగుతుంటాడు. అర్ధరాత్రి దాటాక ఉన్నట్టుండి బీపీ 200 దాటుతుంది, ఆయాసం ముంచుకొస్తుంది. పాదాల వాపు అంతగా ఉండదు. భయం, ఆయాసం కలిసి సింపథెటిక్ నాడీ వ్యవస్థను రెచ్చగొడతాయి. దాంతో ధమనులు బిగుసుకుని గుండెకు ఎదురు నిలుస్తాయి. పొట్టలోని సిరలు కూడా బిగుసుకుని, తమలో నిల్వ ఉన్న రక్తాన్ని ఛాతీ వైపు నెడతాయి. ఇక్కడ నీరు ఎక్కువ కాలేదు, ఉండాల్సిన చోటు మారింది. అందుకే మూత్రం వచ్చే దాకా ఆగకుండా నాళాలను వెంటనే వదులు చేయాల్సి వస్తుంది.

ఈ రెండో రకం మీద అమెరికాలో జరిగిన ఒక చిన్న అధ్యయనం 2001లో వెలువడి డాక్టర్ల ఆలోచనను మార్చింది. అధిక బీపీతో, ఊపిరితిత్తుల్లో నీటితో వచ్చిన 38 మందికి ఆ ఆయాసం సమయంలోనే ఎకో పరీక్ష చేశారు. కోలుకున్నాక మళ్లీ చేశారు. సిస్టాలిక్ పీడనం సగటున 200 నుంచి 139కి దిగింది. గుండె ఒక్కో స్పందనకు తనలోని రక్తంలో ఎంత భాగం బయటికి పంపుతోందో చెప్పే ఎజెక్షన్ ఫ్రాక్షన్ మాత్రం రెండుసార్లూ సగటున 50 శాతమే. అంటే సంకోచించే శక్తి కొత్తగా దెబ్బతిన్నందువల్ల వచ్చిన ఆపద కాదది. గుండె సరిగా వదులవలేని స్థితిలో ఉండగా బీపీ పెరగడమే ఊపిరితిత్తుల్ని ముంచెత్తింది.

మందు పనిచేసే తీరు

శరీరంలోని రక్తంలో దాదాపు 70 శాతం ఎప్పుడూ సిరల్లోనే ఉంటుంది. సిరల గోడలు పలచన, సాగే గుణం ఎక్కువ. అవి కొంచెం వదులైతే చాలు, చాలా రక్తం కాళ్లలో, పొట్టలో నిలిచిపోయి గుండెకు చేరే రాబడి తగ్గుతుంది. గొలుసుకట్టు చెరువుల్లో వరద నీటిని పై చెరువుల్లోనే ఆపి కింది చెరువు కట్టను కాపాడినట్టు, ఇది ఊపిరితిత్తుల మీద ఒత్తిడిని తగ్గిస్తుంది. జఠరికలో నిండే పీడనం దిగుతుంది, కేశనాళికల నుంచి ద్రవం ఊరడం ఆగుతుంది. వైద్యులు దీన్ని ప్రీలోడ్ తగ్గించడం అంటారు.

ధమనుల వైపు పని వేరు. ఎడమ జఠరిక రక్తాన్ని నెట్టాలంటే ధమనుల నిరోధాన్ని గెలవాలి. ఈ నిరోధమే ఆఫ్టర్‌లోడ్. ఆరోగ్యంగా ఉన్న గుండె ఈ భారం కొంత పెరిగినా తట్టుకుంటుంది. బలహీనపడ్డ గుండె తట్టుకోలేదు, నిరోధం కాస్త పెరిగినా బయటికి పంపే రక్తం చప్పున పడిపోతుంది. కనుక ధమనుల్ని వదులు చేస్తే అదే గుండె, అదే శక్తితో ఎక్కువ రక్తాన్ని పంపగలుగుతుంది. మైట్రల్ కవాటం సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారుతున్న రోగిలో ఈ లాభం ఇంకా ఎక్కువ. ముందుకు వెళ్లే దారి సులువైతే వెనక్కి కారేది తగ్గుతుంది.

నైట్రేట్లు, నైట్రోప్రస్సైడ్ రెండూ చివరికి ఒకే దారిలో పనిచేస్తాయి. ఇవి నైట్రిక్ ఆక్సైడ్‌ను అందిస్తాయి. అది నాళపు గోడ కండర కణంలోని గ్వానిలేట్ సైక్లేజ్ అనే ఎంజైమును మేల్కొలుపుతుంది. ఆ ఎంజైము సైక్లిక్ జీఎంపీని తయారు చేస్తుంది. దాని ప్రభావంతో కణంలో కాల్షియం తగ్గి కండరం సడలుతుంది. నైట్రోగ్లిసరిన్ తక్కువ మోతాదులో ముఖ్యంగా సిరల మీద పనిచేస్తుంది, మోతాదు పెరిగే కొద్దీ ధమనుల మీద కూడా ప్రభావం చూపుతుంది. నైట్రోప్రస్సైడ్ మొదటి నుంచీ రెంటి మీదా సమంగా పనిచేస్తుంది. ఈ తేడా గుర్తుంటే మోతాదు ఎందుకంత ముఖ్యమో అర్థమవుతుంది. బీపీ 200 ఉన్న రోగికి ధమనుల సడలింపు కావాలి. అలాంటి రోగికి చాలీచాలని నైట్రోగ్లిసరిన్ ఇస్తే అసలు అవసరం తీరదు.

చరిత్ర

ఇటలీలోని ట్యూరిన్‌లో అస్కానియో సొబ్రేరో 1847లో నైట్రోగ్లిసరిన్‌ను తయారు చేశాడు. నాలుక మీద కొద్దిగా పెట్టుకున్నా తీవ్రమైన తలనొప్పి వస్తుందని అప్పుడే గమనించాడు. అది పుర్రె లోపలి రక్తనాళాలు వెడల్పైనందువల్ల వచ్చే నొప్పి. స్కాట్లండ్ వైద్యుడు లాడర్ బ్రంటన్ 1867లో అమైల్ నైట్రైట్ పీల్చితే గుండె నొప్పి తగ్గుతుందని చూపాడు. 1879లో విలియం మురెల్ నైట్రోగ్లిసరిన్‌ను గుండె నొప్పికి మందుగా ప్రవేశపెట్టాడు. ఇవన్నీ గుండె నొప్పి కథలే. గుండె వైఫల్యంలో ఈ మందులకు చోటు దొరకడానికి మరో తొంభై ఏళ్లు పట్టింది.

ఆ లోపల వైద్యులు అదే ఫలితాన్ని వేరే దారుల్లో సాధించేవారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే నరం కోసి రక్తం తీసేవారు. చేతులకు, కాళ్లకు వంతులవారీగా పట్టీలు బిగించి రక్తాన్ని అక్కడే ఆపేవారు. 1944లో సార్నాఫ్, ఫార్ అనే వైద్యులు వెన్నులో మత్తు ఇచ్చి నాళాలను సడలించి పల్మనరీ ఎడీమాకు చికిత్స చేసిన వివరాలు ప్రచురించారు. సిరల్లో రక్తాన్ని నిలపడమే ఈ పద్ధతులన్నింటి వెనక ఉన్న సూత్రం.

అయినా బలహీనపడ్డ గుండెకు బీపీ తగ్గించే మందు ఇవ్వడం ప్రమాదమనే భయం 1960ల చివరి దాకా వైద్యుల్లో బలంగా ఉండేది. 1970లో స్వాన్, గాంజ్ తయారు చేసిన బెలూన్ కెథీటర్ ఆ భయాన్ని పరీక్షకు పెట్టే సాధనమైంది. దాంతో మంచం పక్కనే గుండె లోపలి పీడనాలు, గుండె పంపే రక్తం కొలవడం సాధ్యమైంది. 1971లో మజీద్, శర్మ, టేలర్ ఫెంటోలమిన్‌తో తీవ్ర గుండె వైఫల్యానికి చికిత్స చేసిన ఫలితాలు లాన్సెట్‌లో వచ్చాయి. 1972లో ఫ్రాంసియోసా, కోన్ బృందం గుండెపోటు రోగుల్లో నైట్రోప్రస్సైడ్ ఇస్తే ఎడమ జఠరిక పనితీరు మెరుగవుతుందని అదే పత్రికలో చూపింది. బీపీ కొద్దిగా దిగినా గుండె పంపే రక్తం పెరుగుతుందని అంకెలతో సహా రుజువు కావడంతో గుండె వైఫల్యం చికిత్సలో కొత్త దశ మొదలైంది. నైట్రిక్ ఆక్సైడ్ పాత్రను వెలికితీసినందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది.

ముఖ్యమైన మందులు

నైట్రోగ్లిసరిన్: ఆస్పత్రుల్లో ఎన్‌టీజీ అని పిలుస్తారు. రక్తంలో దీని అర్ధాయువు కొద్ది నిమిషాలే. అందుకే మోతాదు పెంచితే ఫలితం వెంటనే కనిపిస్తుంది, బీపీ మరీ దిగితే ఆపిన కాసేపటికే తేరుకుంటుంది. తలనొప్పి మామూలే. ఒక రోజు పైగా ఆపకుండా ఎక్కిస్తే శరీరం అలవాటుపడి మందు ప్రభావం తగ్గుతుంది. పీవీసీ గొట్టాలకు ఈ మందు అంటుకుపోయే గుణం ఉంది కనుక, గొట్టం ఏ రకమైనదో కూడా నర్సులు చూసుకోవాలి.

ఐసోసార్బైడ్ డైనైట్రేట్: యూరప్‌లో, ఇజ్రాయెల్‌లో దీన్ని నరం ద్వారా ఎక్కువగా వాడతారు. మన దేశంలో ఇది సార్బిట్రేట్ అనే పేరుతో నాలుక కింద పెట్టుకునే మాత్రగా ఇంటింటికీ తెలుసు.

సోడియం నైట్రోప్రస్సైడ్: వీటన్నింటిలో శక్తిమంతమైనది, అంతే జాగ్రత్త కోరేది. వెలుగు తగిలితే పాడవుతుంది కనుక సీసాను, గొట్టాన్ని నల్లటి కాగితంతో గానీ రేకుతో గానీ చుడతారు. ప్రతి అణువులో ఐదు సయనైడ్ గుంపులు ఉంటాయి. కాలేయం వాటిని థయోసయనేట్‌గా మారుస్తుంది, కిడ్నీలు దాన్ని బయటికి పంపుతాయి. ఎక్కువ మోతాదులో చాలాసేపు ఎక్కిస్తే, ముఖ్యంగా కిడ్నీ, కాలేయ జబ్బులున్నవారిలో విషప్రభావం రావచ్చు. గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవారిలో, అడ్డు ఉన్న నాళం నుంచి రక్తాన్ని ఆరోగ్యంగా ఉన్న నాళాల వైపు మళ్లించే ప్రమాదం కూడా ఉంది. ఐసీయూలో, ధమనిలో గొట్టం పెట్టి ప్రతి క్షణం బీపీ చూస్తూ ఇవ్వాల్సిన మందిది.

నెసిరిటైడ్: గుండె తానే స్రవించే బీ రకం నేట్రియురెటిక్ పెప్టైడ్‌కు ప్రయోగశాలలో తయారైన నకలు. 2001లో అమెరికాలో అనుమతి పొందింది. సెరెలాక్సిన్ గర్భిణుల్లో ఎక్కువగా ఉండే రిలాక్సిన్ హార్మోనుకు నకలు. యులారిటైడ్ కిడ్నీలో తయారయ్యే పెప్టైడ్‌ను పోలినది. ఈ మూడింటి కథ అధ్యయనాల భాగంలో వస్తుంది.

క్లెవిడిపిన్ చాలా తక్కువసేపు పనిచేసే కాల్షియం నిరోధకం. బీపీ బాగా పెరిగిన రోగుల్లో కొన్ని దేశాల్లో వాడతారు. నిఫెడిపిన్ క్యాప్సూల్‌ను కోసి నాలుక కింద వేసే అలవాటు ఒకప్పుడు విస్తృతంగా ఉండేది. బీపీ అదుపు లేకుండా పడిపోయి పక్షవాతం, గుండెపోటు వచ్చిన సందర్భాలు వెలుగులోకి రావడంతో ఆ పద్ధతిని వదిలేయాలని 1990ల నుంచి నిపుణులు గట్టిగా చెబుతున్నారు. మిల్రినోన్, లెవోసిమెండాన్ నాళాలను సడలించడంతో పాటు గుండె సంకోచాన్ని కూడా పెంచుతాయి. వీటిని రక్త సరఫరా తగ్గిపోయిన రోగుల కోసం ఉంచుకుంటారు. బీపీ పెరిగిన రోగికి వీటి అవసరం లేదు.

మోతాదు, పర్యవేక్షణ

నైట్రోగ్లిసరిన్‌ను నిమిషానికి 10 నుంచి 20 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి, కొన్ని నిమిషాలకోసారి పెంచుతూ 200 దాకా వెళ్లవచ్చన్నది ప్రామాణిక పద్ధతి. ఐసోసార్బైడ్ గంటకు 1 నుంచి 10 మిల్లీగ్రాములు. నైట్రోప్రస్సైడ్ కిలో బరువుకు నిమిషానికి 0.3 నుంచి 5 మైక్రోగ్రాములు.

మన వార్డుల్లో ఈ లెక్క సిరంజి పంపు మీద ఇలా ఉంటుంది. 25 మిల్లీగ్రాముల ఆంపూల్స్ రెండు తీసుకుని, సెలైన్‌లో గానీ 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో గానీ కలిపి మొత్తం 50 మిల్లీలీటర్లు చేస్తే, ఒక్కో మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము మందు ఉంటుంది. పంపును గంటకు 0.6 మిల్లీలీటరు దగ్గర పెడితే నిమిషానికి 10 మైక్రోగ్రాములు వెళుతుంది. 3 దగ్గర 50, 6 దగ్గర 100, 12 దగ్గర 200. ఊపిరాడక అల్లాడుతున్న, బీపీ 210 ఉన్న రోగికి పంపును 0.6 దగ్గర పెట్టి అలాగే వదిలేస్తే ఏమవుతుందో చూడండి. నాలుక కింద పెట్టే 0.4 మిల్లీగ్రాముల నైట్రోగ్లిసరిన్ మాత్రలో ఉన్నంత మందు ఆ పంపు నుంచి వెళ్లడానికి 40 నిమిషాలు పడుతుంది. మాత్రలోని మందు అంతా ఒంటికి పట్టదు, నిజమే. అయినా తేడా పెద్దదే. మందు పనిచేయలేదని అనుకునే చాలా సందర్భాల్లో అసలు లోటు మోతాదు పెంచకపోవడంలో ఉంటుంది.

అందుకే అత్యవసర వైద్యుల్లో కొందరు అధిక బీపీ రోగులకు మొదట్లోనే ఒక పెద్ద మోతాదు నరంలోకి ఇచ్చి, తర్వాత నిమిషానికి 100 మైక్రోగ్రాములు లేదా అంతకన్నా ఎక్కువ వేగంతో కొనసాగిస్తున్నారు. దీనికి షరతు ఒకటే. మంచం పక్కన మనిషి ఉండాలి, మూడు నాలుగు నిమిషాలకోసారి బీపీ చూడాలి. తొలి గంటలో బీపీని నాలుగో వంతుకు మించి దించకుండా చూడటం సాధారణ లక్ష్యం. చెమట ఆరడం, రోగి ఒక్క ఊపిరిలో ఒక వాక్యం పూర్తిచేయగలగడం, ఆక్సిజన్ స్థాయి పెరగడం మందు పనిచేస్తోందనడానికి గుర్తులు. మాస్కుతో గాలి ఒత్తిడి ఇచ్చే సీప్యాప్, బైప్యాప్ యంత్రాలు ఇదే దిశలో పనిచేస్తాయి. కాబట్టి రెంటినీ కలిపి వాడినప్పుడు బీపీ మీద కన్ను మరింత గట్టిగా ఉంచాలి.

ఎవరికి ఇవ్వకూడదు

సిస్టాలిక్ బీపీ 90 కన్నా తక్కువ ఉన్నవారికి, షాక్‌లో ఉన్నవారికి ఇవి ఇవ్వరు. బీపీ తక్కువగా ఉండటమే పెద్ద ప్రమాద సూచన. అమెరికాలో 48,612 మంది రోగులను నమోదు చేసిన ఆప్టిమైజ్-హెచ్‌ఎఫ్ రిజిస్ట్రీలో, చేరినప్పుడు సిస్టాలిక్ బీపీ 120 కన్నా తక్కువ ఉన్నవారిలో 7.2 శాతం మంది ఆస్పత్రిలోనే చనిపోయారు. 161 దాటినవారిలో అది 1.7 శాతం.

కుడి జఠరికకు గుండెపోటు వచ్చినప్పుడు, ఆ గది నిండుగా ఉంటేనే రక్తం ముందుకు సాగుతుంది. అప్పుడు నైట్రేట్ ఇస్తే బీపీ కుప్పకూలవచ్చు. గుండె కింది గోడకు పోటు వచ్చిన రోగికి ఈసీజీ కుడివైపు లీడ్లు కూడా తీసి చూడమనేది ఇందుకే. అయోర్టిక్ కవాటం బాగా ఇరుకైనవారికి, గుండె కండరం మందమై బయటికి వెళ్లే దారికి అడ్డం పడినవారికి చాలా జాగ్రత్త అవసరం. సిల్డెనఫిల్ వేసుకున్న 24 గంటల్లోపు, టడలఫిల్ వేసుకున్న 48 గంటల్లోపు నైట్రేట్లు ఇవ్వకూడదు. ఈ మందులు సైక్లిక్ జీఎంపీ విరిగిపోకుండా ఆపుతాయి. రెండూ కలిస్తే బీపీ ప్రాణాంతకంగా పడిపోతుంది. సిగ్గుపడి చెప్పని రోగి ఉంటాడు కనుక డాక్టరు అడగాలి, ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి.

అధ్యయనాలు ఏం చెప్పాయి

గుండెపోటుతో ఎడమ జఠరిక బలహీనపడిన 812 మంది మీద అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రుల్లో జరిగిన నైట్రోప్రస్సైడ్ అధ్యయనం 1982లో వెలువడింది. మొత్తం మీద మరణాలు తగ్గలేదు. నొప్పి మొదలైన తొలి 9 గంటల్లో మందు మొదలుపెట్టినవారికి కీడు జరిగినట్టు, ఆ తర్వాత మొదలుపెట్టినవారికి మేలు జరిగినట్టు కనిపించింది. ఒకే మందు ఫలితం రోగి స్థితిని బట్టి తారుమారవుతుందన్న పాఠాన్ని అది తొలిసారి గట్టిగా నేర్పింది.

1998లో ఇజ్రాయెల్ వైద్యుడు కాటర్ బృందం తీవ్రమైన పల్మనరీ ఎడీమాతో ఉన్న 104 మందిని రెండు సమానమైన గుంపులు చేసింది. ఒక గుంపుకు ఐదు నిమిషాలకోసారి 3 మిల్లీగ్రాముల ఐసోసార్బైడ్ నరంలోకి, మూత్రం మందు తక్కువగా ఇచ్చారు. రెండో గుంపుకు మూత్రం మందు ఎక్కువ, ఐసోసార్బైడ్ తక్కువ. వెంటిలేటర్ అవసరమైనవారు మొదటి గుంపులో 13 శాతం, రెండో గుంపులో 40 శాతం. గుండెపోటు వచ్చినవారు 17, 37 శాతం. చిన్న అధ్యయనమే. కానీ సరైన రోగికి సరైన మోతాదు ఇస్తే ఎంత తేడా వస్తుందో చూపింది. ఢిల్లీ ఎయిమ్స్ అత్యవసర విభాగం అధిక బీపీ పల్మనరీ ఎడీమా రోగుల్లో ఎక్కువ మోతాదు, తక్కువ మోతాదు నైట్రోగ్లిసరిన్‌లను పోల్చి 2024లో ప్రచురించిన చిన్న అధ్యయనం కూడా ఎక్కువ మోతాదు వైపే మొగ్గింది.

పెద్ద అధ్యయనాల ఫలితాలు నిరాశపరిచాయి. నెసిరిటైడ్ మీద 7,141 మందితో జరిగిన అసెండ్-హెచ్‌ఎఫ్ 2011లో వచ్చింది. ముప్పై రోజుల్లో మరణం లేదా తిరిగి ఆస్పత్రిలో చేరడం నెసిరిటైడ్ గుంపులో 9.4 శాతం, ఉత్తుత్తి మందు గుంపులో 10.1 శాతం. ఆ తేడా లెక్కలోకి వచ్చేది కాదు. బీపీ పడిపోవడం మాత్రం 26.6 శాతానికి పెరిగింది, రెండో గుంపులో అది 15.3. సెరెలాక్సిన్ 2013లో 1,161 మందితో జరిగిన తొలి అధ్యయనంలో మరణాలు తగ్గించినట్టు ఆశ పుట్టించింది. 6,545 మందితో 2019లో వచ్చిన రెండో అధ్యయనంలో ఆ ఆశ నిలబడలేదు. 2,157 మందితో 2017లో వచ్చిన యులారిటైడ్ అధ్యయనమూ గుండె జబ్బు మరణాలను తగ్గించలేదు.

కొత్త మందుల సంగతి అలా ఉంచి, పాత మందుల్నే ముందుగా, గట్టిగా ఇస్తే ఎలా ఉంటుందని గెలాక్టిక్ అధ్యయనం చూసింది. స్విట్జర్లండ్ నాయకత్వంలో 788 మందితో జరిగి 2019లో వచ్చిన దీనిలో, ఆరు నెలల్లో మరణం లేదా మళ్లీ ఆస్పత్రిలో చేరడం వాసోడైలేటర్లు ఎక్కువగా ఇచ్చిన గుంపులో 30.6 శాతం, మామూలు చికిత్స గుంపులో 27.8 శాతం. ఫ్రాన్స్‌లోని 15 అత్యవసర విభాగాల్లో 503 మంది వృద్ధుల మీద 2020లో వచ్చిన ఎలిజబెత్ అధ్యయనం తొలి గంటలోనే నైట్రేట్లతో కూడిన చికిత్స మొదలుపెట్టి చూసింది. నెల రోజుల్లో ఇంట్లో ప్రాణాలతో గడిపిన రోజుల సంఖ్య మారలేదు.

ఈ ఫలితాలను చదివేటప్పుడు మూడు సంగతులు మనసులో ఉంచుకోవాలి. కొత్త మందుల పెద్ద అధ్యయనాల్లో రోగులకు మందు మొదలయ్యేసరికే చేరి గంటలు గడిచాయి, అప్పటికి మొదటి ప్రమాదం దాటిపోయింది. బీపీ మామూలుగా ఉన్నవారు, నీరు పోగై వచ్చినవారు, బీపీ ఎగసి వచ్చినవారు అందరూ ఒకే గుంపులో కలిశారు. పైగా రెండు రోజులు ఇచ్చిన మందు ఆరు నెలల తర్వాతి మరణాన్ని ఆపాలని ఆశించడమే పెద్ద కోరిక. ఇవి మందును సమర్థించే సాకులు కావు. ఈ మందులు అందరికీ మామూలుగా ఇవ్వాల్సినవి కావని, వాటికి సరిపోయే రోగిని వెతికి ఇవ్వాలని చెప్పే ఆధారాలు.

మార్గదర్శకాలు

యూరోపియన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ 2016లో, సిస్టాలిక్ బీపీ 90 దాటిన రోగుల్లో ఉపశమనం కోసం నరం ద్వారా వాసోడైలేటర్లు ఇవ్వడాన్ని పరిగణించాలని రెండవ తరగతి 'ఏ' స్థాయిలో సిఫారసు చేసింది. గెలాక్టిక్, ఎలిజబెత్ ఫలితాల తర్వాత, 2021లో దాన్ని రెండవ తరగతి 'బీ' స్థాయికి దించి, బీపీ పరిమితిని 110కి పెంచింది. అమెరికా సంఘాల 2022 మార్గదర్శకం కూడా బీపీ తక్కువ లేని రోగుల్లో, మూత్రం మందులకు తోడుగా, ఆయాసం తగ్గించడానికి నైట్రోగ్లిసరిన్ లేదా నైట్రోప్రస్సైడ్ ఇవ్వవచ్చని అదే స్థాయిలో చెప్పింది. రెండు చోట్లా మందు ఉద్దేశం ఆయాసం తగ్గించడమే. ఆయుష్షు పెంచుతుందన్న మాట ఎక్కడా లేదు.

భారతదేశంలో, తెలుగు రాష్ట్రాల్లో

మన రోగులు పాశ్చాత్య అధ్యయనాల్లోని రోగులకన్నా చాలా చిన్నవారు. తిరువనంతపురం హార్ట్ ఫెయిల్యూర్ రిజిస్ట్రీలో నమోదైన 1,205 మంది సగటు వయసు 61 ఏళ్లు, వారిలో 72 శాతం మందికి మూలకారణం గుండె రక్తనాళాల జబ్బు. దేశమంతటా 53 ఆస్పత్రుల్లో 10,851 మందిని నమోదు చేసిన జాతీయ రిజిస్ట్రీలో కూడా సగటు వయసు 60కి దగ్గరగానే ఉంది. గెలాక్టిక్ రోగుల మధ్యస్థ వయసు 78, ఎలిజబెత్‌లో 87. ఆ వయసువారి ఫలితాలను కుటుంబాన్ని పోషిస్తున్న అరవై ఏళ్ల మనిషికి యథాతథంగా అన్వయించడం కష్టం. ఇక్కడి రోగుల మీద ఇక్కడి ఆస్పత్రుల్లో అధ్యయనాలు జరగాల్సిన అవసరం చాలా ఉంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలో సార్బిట్రేట్ మాత్ర చాలా ఇళ్లలో పర్సులో, పూజగదిలో కనిపిస్తుంది. ఛాతీలో ఏ ఇబ్బంది కలిగినా దాన్ని నాలుక కింద పెట్టేయడం అలవాటైంది. డాక్టరు చెప్పినవారు చెప్పిన పద్ధతిలోనే వాడాలి. కూర్చుని పెట్టుకోవాలి. కళ్లు తిరుగుతున్నా, బీపీ తక్కువ ఉన్నా వేసుకోకూడదు. ఆయాసం హఠాత్తుగా ముంచుకొస్తే మాత్ర కోసం వెతుకుతూ సమయం పోగొట్టుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. రోగిని పడుకోబెట్టకుండా కూర్చోబెట్టాలి. ఈ చికిత్సకు ఖరీదైన యంత్రాలు అవసరం లేదు. బీపీ చూసే పరికరం, ఆక్సిజన్, ఒక సిరంజి పంపు, పక్కన నిలబడి చూసుకునే నర్సు ఉంటే ఏరియా ఆస్పత్రిలో కూడా తొలి గంట చికిత్స బాగా చేయవచ్చు. అందుకు శిక్షణ, పరికరాలు ఏరియా ఆస్పత్రుల దాకా చేరాలి.

ఆ తర్వాత

తొలి గంటలు గడిచి, ఊపిరి కుదుటపడ్డాక వాసోడైలేటర్ పని దాదాపు ముగుస్తుంది. ఆయుష్షును నిజంగా పెంచే చికిత్స అప్పుడే మొదలవ్వాలి. ఏసీఈ నిరోధకాలు లేదా సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్, బీటా బ్లాకర్లు, స్పైరోనొలాక్టోన్ వంటి మందులు, ఎస్‌జీఎల్‌టీ2 నిరోధకాలు ఆ పని చేస్తాయి. డిశ్చార్జి తర్వాత తొలి వారాల్లోనే ఇలాంటి మందుల మోతాదును తరచూ పరీక్షిస్తూ వేగంగా పెంచిన స్ట్రాంగ్-హెచ్‌ఎఫ్ అధ్యయనం 2022లో వచ్చింది. 1,078 మందిలో, ఆరు నెలల్లో మరణం లేదా గుండె వైఫల్యంతో మళ్లీ ఆస్పత్రిలో చేరడం 23.3 శాతం నుంచి 15.2 శాతానికి తగ్గింది. నైట్రోగ్లిసరిన్ రోగిని ఆ మందుల దాకా చేర్చే వంతెన. రోగిని ఆ వంతెన దాటించాక ఇంటికి పంపే చీటీలో ఈ మందులు రాయడం, పది రోజుల్లో మళ్లీ పిలిచి చూడటం మరిచిపోతే, ఐసీయూలో రాత్రంతా పడ్డ శ్రమ సగంలోనే ఆగిపోతుంది.